గాలికి ఎదురు గెలిచినవాడికి జనబలం లేదట!

సూదిని జైపాల్ రెడ్డి ప్రస్తావన రాగానే పాలమూరు (మహబూబ్‌నగర్) హోటల్ బల్ల దగ్గరైనా, హైదరాబాద్ టీవీ చర్చలోనైనా ఒకే తీర్పు వినిపిస్తుంది: మేధావి, వక్త, నిజాయతీపరుడు, కానీ ప్రజానాయకుడు కాదు. 2019 జూలై 28న ఆయన కన్నుమూసినప్పుడు సంతాపాల మధ్య కూడా ఈ 'కానీ' తొంగిచూసింది. 2025 జనవరిలో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి ఆయన పేరు పెట్టాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించాక అదే మాట కోపం కలుపుకొని మళ్లీ లేచింది. ఇన్నేళ్లుగా ఇంతమంది అంటున్నారు కాబట్టి నిజమే అయి ఉంటుందని కొత్త తరం నమ్మేస్తోంది. నమ్మే ముందు లెక్కలు చూడాలి.

ఎదుటివారి వాదాన్ని ముందు వారి బలంతోనే చెబుతాను. ఆయనకు సొంత గడ్డ అంటూ లేదు. కల్వకుర్తి, మెదక్, మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, చేవెళ్ల, మళ్లీ మహబూబ్‌నగర్ అంటూ చోటు మారుస్తూ వచ్చాడు. కాంగ్రెస్ నుంచి జనతాకు, అక్కడి నుంచి జనతాదళ్‌కు, తిరిగి కాంగ్రెస్‌కు వెళ్లాడు. గెలిచాడంటే అది పొత్తు పుణ్యమో, గాలి పుణ్యమో. 1990ల్లో చాలా కాలం రాజ్యసభలో గడిపాడు. 2004 నుంచి పదేళ్లు కేంద్ర మంత్రిగా ఉండి కూడా పాలమూరు వలసలను ఆపలేదు. తెలంగాణ మండుతున్నప్పుడు పదవి వదల్లేదు. చివరికి 2014లో సొంత జిల్లా జనమే ఓడించి పంపారు. కాబట్టి ఆయన దిల్లీ నాయకుడే తప్ప గల్లీ నాయకుడు కాదు.

ఇందులో చాలా భాగం జరిగిన విషయమే. అందుకే ఈ వాదం ఇంతకాలం నిలబడింది. జరిగినవాటిని ఏరుకున్న తీరులో, వాటి నుంచి లాగిన ముగింపులో ఉంది మోసం. ఒక్కొక్కటే చూద్దాం.

1. గాలి లెక్క

'గాలికి గెలిచాడు' అన్నవాళ్లు ఏ ఏడాది ఏ గాలి వీచిందో చూసినట్టు లేరు.

1969లో కల్వకుర్తి నుంచి తొలిసారి శాసనసభకు వెళ్లారు. 1972లో మళ్లీ గెలిచారు. ఈ రెండూ కాంగ్రెస్ టికెట్ మీద వచ్చినవే కాబట్టి గాలి ఖాతాలో వేసుకోమనండి, అభ్యంతరం లేదు. ఆ తర్వాత సంగతి వేరు. ఎమర్జెన్సీని వ్యతిరేకించి కాంగ్రెస్‌ను వీడి జనతాలో చేరిన మనిషి 1978లో అదే కల్వకుర్తిలో నిలబడ్డారు. ఆ ఎన్నికల్లో 294 స్థానాల శాసనసభలో ఇందిరా కాంగ్రెస్‌కు 175 వచ్చాయి. ఆమె పేరు చెబితే ఓటు పడే రోజులు. ఆ రోజుల్లో ఆమెను కాదన్నవాడిని కల్వకుర్తి గెలిపించింది.

1983లో గాలి దిక్కు మారింది. ఎన్టీఆర్ ప్రభంజనంలో తెలుగుదేశం 200కు పైగా స్థానాలు గెలిచి, అప్పటిదాకా తిరుగులేని కాంగ్రెస్‌ను ఊడ్చేసింది. అప్పుడూ కల్వకుర్తిలో గెలిచింది జనతా గుర్తు మీద నిలబడ్డ జైపాల్ రెడ్డే. ఐదేళ్లలో రెండు గాలులు వీచాయి, రెండూ వేర్వేరు దిక్కుల నుంచి. రెండింటిలోనూ గాలి వీచని పార్టీవాడు నిలిచాడంటే ఆ ఓట్లు పార్టీవా, మనిషివా?

కల్వకుర్తి ఓటరు గాలికి లొంగేవాడేమీ కాదు. 1989లో ముఖ్యమంత్రి హోదాలో ఎన్టీఆర్ హిందూపురంతో పాటు కల్వకుర్తిలోనూ పోటీ చేస్తే, కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడించి చూపించారు ఇక్కడి జనం. ముఖ్యమంత్రినీ, వెండితెర దేవుడినీ ఓడించగలిగిన ఓటర్లు ఒక మనిషిని వరుసగా నాలుగుసార్లు గెలిపించారు. ఆ మనిషికి జనబలం లేదనడం ఆయనను కించపరచడం కాదు, కల్వకుర్తి ఓటరు తెలివిని కించపరచడం.

లోక్‌సభ లెక్కా ఇదే చెబుతుంది. 1984లో ఇందిర హత్యానంతర సానుభూతిలో కాంగ్రెస్ 400 దాటితే, జనతా పార్టీకి దేశమంతటా దక్కినవి 10 స్థానాలు. వాటిలో మహబూబ్‌నగర్ ఒకటి. తెలుగుదేశంతో మైత్రి ఆనాడు పనికి వచ్చింది, అది దాచనక్కర్లేదు. కానీ 1998లో జనతాదళ్ దేశం మొత్తం మీద 6 స్థానాలకు కుంచించుకుపోయినప్పుడు కూడా ఆ ఆరులో మహబూబ్‌నగర్ ఉంది. 1999లో మన రాష్ట్రంలోని 42 స్థానాల్లో తెలుగుదేశం, బీజేపీ కూటమి 36 ఎత్తుకుపోతే కాంగ్రెస్‌కు మిగిలినవి 5. ఆ ఐదులో మిర్యాలగూడ ఒకటి.

అంటే ఆయన గెలుపుల్లో సగానికి పైగా, ఆయన పార్టీ రాష్ట్రంలోనో దేశంలోనో చిత్తుగా ఓడిన ఏడాదుల్లోనే వచ్చాయి. గాలి పుణ్యమంటే గాలి ఉండాలి కదా!

2. మేధావికి ఓట్లు రావన్న భ్రమ

ఈ తీర్పు వెనుక ఒక నమ్మకం దాగి ఉంది: చదువుకున్నవాడు, ఇంగ్లిష్‌లో తడుముకోకుండా మాట్లాడేవాడు, పుస్తకం చదివి సభకు వచ్చేవాడు పల్లె జనానికి దూరం. ఉస్మానియాలో ఇంగ్లిష్ ఎంఏ చేసి, విద్యార్థి సంఘం నుంచి రాజకీయాల్లోకి వచ్చి, చివరి రోజుల్లో 'టెన్ ఐడియాలజీస్' వంటి సిద్ధాంత గ్రంథం రాసినవాడికి సొంతూరు మాడ్గుల రైతు ఓటెందుకు వేస్తాడు అన్నది వీరి సందేహం.

పాలమూరు చరిత్ర ఈ సందేహాన్ని 1952లోనే తీర్చింది. ఆ తొలి ఎన్నికల్లో షాద్‌నగర్ ఎన్నుకున్నది బూర్గుల రామకృష్ణారావును. బహుభాషా పండితుడు, హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. అదే ఏడాది వనపర్తి పంపింది సురవరం ప్రతాపరెడ్డిని. గోలకొండ పత్రిక సంపాదకుడు, ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినవాడు. అక్షరం రానివారే ఎక్కువమంది ఉన్న జిల్లా అది, ఆ కాలం అది. అయినా అక్షరమే ఆస్తిగా ఉన్నవాళ్లను ఎంచుకుంది. చదువరిని చూసి జనం దూరం జరుగుతారన్నది పట్నంలో కూర్చున్నవాళ్ల ఊహ. జనం ఎన్నడూ ఆ మాట అనలేదు.

'ఊరూరా తిరగలేదు' అన్న మాట మరీ దారుణం. పద్దెనిమిది నెలల వయసులో పోలియో సోకి, చంకకర్రల మీదే జీవితమంతా నడిచిన మనిషి ఆయన. 1969 నాటి కల్వకుర్తి తాలూకాలో అడ్డదారులూ గుట్టదారులూ తప్ప రోడ్లెన్ని ఉన్నాయి? ఆ నేల మీద చంకకర్రలతో ఎన్నికలు చేసి గెలిచినవాడిని, పాదయాత్రల ఫొటోలు పక్కన పెట్టుకొని కొలుస్తారా? ఆయన మీద జాలి చూపమని ఎవరూ అడగడం లేదు. ఆయనే ఏనాడూ దాన్ని ఓటుగా మార్చుకోలేదు. కాళ్లతో ఎంత నడిచాడన్నది నాయకత్వానికి కొలత కాదు, అంతే.

3. నియోజకవర్గాల పట్టిక

పట్టిక పొడవుగా ఉన్నమాట నిజం. కారణాలు విడివిడిగా చూడకపోవడమే తప్పు.

మెదక్ సంగతి ముందు. 1980 జనవరి. ఇందిరాగాంధీ రాయ్‌బరేలీతో పాటు మెదక్‌లోనూ పోటీ చేశారు. రాష్ట్రంలోని 42 స్థానాల్లో ఆమె పార్టీ 41 గెలిచిన ఎన్నిక అది. ఆమెకు ఎదురుగా జనతా తరఫున నిలబడింది జైపాల్ రెడ్డి. 2 లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. దీన్ని 'ఎక్కడో పోయి ఓడాడు' అని చెప్పేవాళ్లు, ఎవరి మీద, ఏ రోజుల్లో అన్నది చెప్పరు. గెలుపు కోసం వెతుక్కుంటూ వెళ్లేవాడు మెదక్‌కు వెళ్లడు. ఎమర్జెన్సీ విధించిన నాయకురాలు తిరిగి ప్రధాని కాబోతున్న క్షణంలో, ఆమె పోటీ చేసిన చోటే ఆమెను ప్రశ్నించాలనుకున్నవాడు వెళతాడు. ఎదురులేని నాయకురాలికి ఎదురు నిలిచే అభ్యర్థి ఉండడం ప్రజాస్వామ్యానికి కనీస అవసరం. ఆ పని ఓడిపోతానని తెలిసినవాడే చేయాలి.

మిర్యాలగూడ పరాయి గడ్డ అంటారు. ఆయన సొంతూరు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా మాడ్గుల కావచ్చు, పుట్టింది మాత్రం నల్లగొండ జిల్లా నేర్మటలో. పైగా మిర్యాలగూడ సులువైన స్థానం కాదు. భీంరెడ్డి నరసింహారెడ్డి వంటి సాయుధ పోరాట యోధుణ్ని సీపీఎం తరఫున మూడుసార్లు లోక్‌సభకు పంపిన నేల. అక్కడ 1999లో, 2004లో వరుసగా రెండుసార్లు గెలిచారు. తర్వాత ఎందుకు వదిలారు? ఆయన వదల్లేదు. 2008 పునర్విభజనలో ఆ లోక్‌సభ స్థానమే రద్దయింది. 2009లో కొత్తగా పుట్టిన చేవెళ్లకు వెళ్లి 18 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. పటంలో చెరిపేసిన నియోజకవర్గాన్ని అభ్యర్థి పారిపోయిన నియోజకవర్గంగా లెక్కగట్టడం ఏం న్యాయం?

ఇదే కొలబద్ద మిగతావాళ్లకు పెట్టి చూడండి. పీవీ నరసింహారావు హనుమకొండ, రాంటెక్, నంద్యాల, బరంపురం తిరిగారు. ఇందిరాగాంధీ రాయ్‌బరేలీ, చిక్‌మగళూరు, మెదక్. కేసీఆర్ కరీంనగర్ నుంచి 2009లో మహబూబ్‌నగర్‌కు వచ్చి, 2014లో మెదక్‌కు వెళ్లారు. వాళ్లు మారితే వ్యూహం, జైపాల్ రెడ్డి మారితే పునాది లేకపోవడం! ఒకే పనికి రెండు పేర్లు పెట్టేవాడి దగ్గర ఉన్నది వాదం కాదు, పక్షపాతం.

4. కండువాల కథ

పార్టీ మారిన ప్రతివాడూ ఒకటే అని తేల్చేస్తే సులువే. కానీ ఎటు నుంచి ఎటు మారాడన్నది చూడకుండా ఫిరాయింపును తూచలేం. అధికారం ఉన్న చోటు నుంచి లేని చోటికి వెళ్లడం ఒకటి, లేని చోటు నుంచి ఉన్న చోటికి దూకడం మరొకటి.

ఆయన కాంగ్రెస్‌ను వీడినప్పుడు ఆ పార్టీ రాష్ట్రంలో అధికారంలో ఉంది, ఆయన ఆ పార్టీ శాసనసభ్యుడు. కేంద్రంలో జనతా వచ్చింది కదా అంటారు. వచ్చింది. అదే 1977 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్ 41 గెలిచింది, జనతాకు దక్కింది నంద్యాల ఒక్కటే. అలాంటి రాష్ట్రంలో ఓ ఎమ్మెల్యే జనతా జెండా పట్టుకోవడం లాభం చూసుకొని చేసిన పనేనా? సరే, అప్పుడు లాభం కోసమే వెళ్లాడనుకుందాం. 1980లో జనతా కేంద్రంలో కుప్పకూలాక తిరిగి రావాలి కదా? ఇందిర గెలిచాక ఎందరో తిరిగొచ్చారు. ఆయన రాలేదు. పార్టీ పది స్థానాలకు పడిపోయినా రాలేదు. జనతా జనతాదళ్‌గా మారి, ముక్కలై, ఆరు స్థానాలకు కరిగినా ఉన్నారు. 1999లో ఆ పార్టీ బీజేపీతో చేతులు కలపాలా వద్దా అన్న దగ్గర నిలువునా చీలిన ఏడాదే కాంగ్రెస్‌లోకి వచ్చారు. అప్పుడు కాంగ్రెస్‌కు దిల్లీలోనూ అధికారం లేదు, హైదరాబాద్‌లోనూ లేదు. మరో ఐదేళ్లు రాలేదు.

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న అడగొచ్చు, అడగాలి కూడా. బోఫోర్స్ రోజుల్లో కాంగ్రెస్‌ను చీల్చి చెండాడిన గొంతు, అదే కాంగ్రెస్ మంత్రివర్గంలో కూర్చొని 2జీ, బొగ్గు వివాదాల కాలంలో ఏం మాట్లాడింది? ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి ఆయన అభిమానుల దగ్గర తృప్తికరమైన జవాబు లేదు. అయితే ఇది సిద్ధాంతం మీద ప్రశ్న. 'అవకాశవాది' అన్న తిట్టు దీనికి సరిపోదు.

నిజంగా కండువాల కథ కావాలంటే పాలమూరులోనే దొరుకుతుంది. 2014లో జైపాల్ రెడ్డిని ఓడించిన ఏపీ జితేందర్ రెడ్డి 1999లో బీజేపీ ఎంపీ, 2009లో తెలుగుదేశం అభ్యర్థి, 2014లో టీఆర్ఎస్ ఎంపీ, 2019లో మళ్లీ బీజేపీ, 2024లో కాంగ్రెస్. పక్కనే నల్లగొండలో గుత్తా సుఖేందర్ రెడ్డి 2014లో కాంగ్రెస్ టికెట్ మీద గెలిచి, 2016లో అధికార టీఆర్ఎస్‌లో చేరారు. వీరి రాజకీయాలకు వీరి కారణాలు వీరికి ఉంటాయి. కానీ వీరికి 'పట్టున్న నాయకులు' అన్న పేరు, 22 ఏళ్లు కాంగ్రెస్‌కు ఎదురు శిబిరంలో ఉన్నవాడికి 'నిలకడ లేదు' అన్న ముద్ర. ఎవరు అచ్చు గుద్దారో గానీ అచ్చు తలకిందులుగా పడింది.

5. 'పాలమూరుకు ఏం చేశాడు?'

ఈ ప్రశ్నలో ఆవేదన నిజం. బొంబాయి బస్సులెక్కి, మట్టి పనికి ముఠాలుగా వెళ్లిన జిల్లా అడుగుతోంది. అందుకే జవాబు తేలిగ్గా చెప్పకూడదు, తప్పుడు చిరునామాకు పంపనూ కూడదు.

తేదీలు చూడండి. మహబూబ్‌నగర్ ఎంపీగా ఆయన ఉన్నది రెండు విడతలు: 1984 నుంచి 1989, మళ్లీ 1998 నుంచి 1999. మొదటి ఐదేళ్లు రాజీవ్‌గాంధీ ప్రభుత్వానికి ఎదురుగా ప్రతిపక్షంలో, రెండోసారి పదమూడు నెలలు వాజ్‌పేయి ప్రభుత్వానికి ఎదురుగా ప్రతిపక్షంలో. 2004 నుంచి పదేళ్లు కేంద్ర మంత్రిగా ఉన్నప్పుడు ఆయన మొదట మిర్యాలగూడకు, తర్వాత చేవెళ్లకు ప్రతినిధి. అంతకుముందు గుజ్రాల్ ప్రభుత్వంలో సమాచార ప్రసార మంత్రిగా ఉన్నప్పుడు రాజ్యసభ సభ్యుడు. 'పాలమూరు ఎంపీగా, కేంద్ర మంత్రిగా ఏం చేశాడు' అంటారు గానీ, పాలమూరుకు గెలిచి కేంద్ర మంత్రి కుర్చీలో కూర్చున్న కాలం ఆయన జీవితంలో లేనే లేదు.

అయినా ఆ గడ్డ బిడ్డే కదా అంటారా? ఒప్పుకుంటాను. అప్పుడు నీళ్ల సంగతి తేల్చుకోవాలి. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో నీటిపారుదల రాష్ట్ర జాబితాలోని 17వ అంశం. కాలువ తవ్వాల్సింది, నిధులు కేటాయించాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. బచావత్ ట్రిబ్యునల్ 1970ల్లోనే జూరాలకు 17.84 టీఎంసీలు ఇచ్చింది. శంకుస్థాపన 1981లో గానీ జరగలేదు, నీళ్లు పొలాలకు చేరడానికి మరెన్నో ఏళ్లు పట్టింది. ఆ కాలమంతా హైదరాబాద్‌లో కుర్చీ ఎవరిది? కాంగ్రెస్ ముఖ్యమంత్రులది, తెలుగుదేశం ముఖ్యమంత్రులది. మహబూబ్‌నగర్‌ను దత్తత తీసుకున్నానని ప్రకటించిన ముఖ్యమంత్రి ఉన్నారు. ఇదే జిల్లా 2009లో ఎంపీని చేసిన కేసీఆర్ తర్వాత తొమ్మిదిన్నరేళ్లు ముఖ్యమంత్రి. పాలమూరు-రంగారెడ్డికి 2015 జూన్‌లో శంకుస్థాపన చేసి, 2023 సెప్టెంబరులో తొలి పంపు నడిపించి, మిగిలిన పని మిగిలించి వెళ్లారు. వీళ్లందరినీ వదిలేసి, నీటిపారుదల శాఖ ఎన్నడూ చేతిలో లేని మనిషి దగ్గర పద్దు అడగడం ఏమిటి?

అడగాల్సిన పద్దు ఒకటుంది. 1969 నుంచి 1984 దాకా పదిహేనేళ్లు ఆయన రాష్ట్ర శాసనసభలో ఉన్నారు. అందులో మొదటి ఎనిమిదేళ్లు అధికార పక్షం. ఆ ఎనిమిదేళ్లలో కల్వకుర్తి నీళ్ల కోసం సొంత ప్రభుత్వం మెడలు వంచాడా లేదా అన్నది నిలదీయదగిన ప్రశ్న. విచిత్రమేమిటంటే, విమర్శకులెవరూ ఆ ప్రశ్న అడగరు. దానికి శాసనసభ రికార్డులు తిరగేయాలి. 'దిల్లీ నాయకుడు' అనడానికి ఏమీ తిరగేయనక్కర్లేదు.

పథకానికి ఆయన పేరు పెట్టడాన్ని నేను సమర్థించడం లేదు. జైపాల్ రెడ్డి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డికి భార్య తరఫు దగ్గరి బంధువు కావడం ఒక ఇబ్బంది. అంతకంటే పెద్ద ఇబ్బంది పథకం పూర్తి కాకపోవడం. నీళ్లు పారని కాలువకు ఎవరి పేరు పెట్టినా ఆ మనిషికి గౌరవం దక్కదు, ఆలస్యానికి వచ్చిన తిట్లన్నీ దక్కుతాయి. అయితే పేరు పెట్టినవాళ్ల మీది కోపాన్ని పోయిన మనిషి చరిత్ర మీద తీర్చుకోవడం న్యాయం కాదు.

6. రాజీనామా పరీక్ష

2009 డిసెంబరు 9న తెలంగాణ ఏర్పాటు ప్రకటన వచ్చి, వెనక్కి పోయి, పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న ఆ ఏళ్లలో తెలంగాణ ఒక్కటే అడిగింది: పదవులు వదిలి రండి. 2011 జూలైలో ఈ ప్రాంత కాంగ్రెస్ ఎంపీలు, ఎమ్మెల్యేలు రాజీనామా లేఖలిచ్చారు. జైపాల్ రెడ్డి మంత్రివర్గంలోనే ఉండిపోయారు. జనానికి కోపం రావడం సహజం. ఆ కోపాన్ని నేను చిన్నబుచ్చను. ఊరూరా శిబిరాలు వెలిసిన రోజుల్లో ఆయన గొంతు మనకు వినిపించాల్సినంత వినిపించలేదు.

కానీ రాజీనామా చేయనివాడు తెలంగాణకు పనికిరానివాడు అన్న సూత్రం తర్కానికి నిలవదు. రాష్ట్రాన్ని ఇవ్వాల్సింది పార్లమెంటు. 2013 అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గం ఆమోదించాలి, 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ తలూపాలి. ఆ రెండు చోట్లా తెలంగాణ మనిషి ఉండడం అవసరమా, ఖాళీ కుర్చీ ఉండడం అవసరమా? లోక్‌సభలో ఆ రోజు తలుపులు మూసి, ప్రసారం ఆగిన వేళ ఆయన ఏం చేశారన్న దాని మీద సహచరులు చెప్పే కథలన్నీ పక్కన పెట్టేయండి. వాటి అవసరం లేకుండానే ఒకటి తేలుతుంది: బయట పోరాడేవాళ్లు, లోపల కూర్చునేవాళ్లు ఇద్దరూ లేకుండా బిల్లు గట్టెక్కేది కాదు. వీధి పోరాటానికే మొత్తం మార్కులు ఇచ్చేసి, సభలో లెక్కలు కూర్చినవాళ్లకు సున్నా వేయడం ఉద్యమ చరిత్రకే అన్యాయం. రాజీనామాలిచ్చి, ఆమోదం పొందకుండా చూసుకొని, పూర్తి పదవీకాలం అనుభవించినవాళ్లను మాత్రం ఎవరూ పేరు పెట్టి అడగరు.

7. 2014 ఓటమి ఏం చెబుతుంది?

ఇది విమర్శకుల చివరి అస్త్రం. సొంత జిల్లాలోనే ఓడాడు, ఇంకేం చెప్పాలి అంటారు. తేడా ఎంతో చెప్పరు: 2,590 ఓట్లు.

ఆ ఎన్నిక వాతావరణం గుర్తు చేసుకోండి. రాష్ట్రం సాధించిన పార్టీగా టీఆర్ఎస్ 17లో 11 గెలిచింది. తెలంగాణ ఇచ్చామని చెప్పుకున్న కాంగ్రెస్‌కు దక్కినవి నల్లగొండ, నాగర్‌కర్నూల్ రెండే. దేశమంతా మోదీ గాలి. ఆ గాలికి తోడు పాలమూరులోనే పేరున్న నాగం జనార్దన్ రెడ్డి బీజేపీ తరఫున బరిలో ఉన్నారు. ఇటు ఉద్యమ పార్టీ, అటు మోదీ హవా, మధ్యలో పదేళ్ల పాలన మీది విసుగంతా మోస్తున్న కేంద్ర మంత్రి. 72 ఏళ్ల వయసులో, పదిహేనేళ్ల తర్వాత మహబూబ్‌నగర్‌కు తిరిగొచ్చిన ఆ అభ్యర్థి గెలిచినవాడికి రెండున్నర వేల ఓట్ల దూరంలో ఆగిపోయాడు. లక్షల ఓట్లు పోలైన చోట ఇది జనం తిరస్కరించడమా? పునాది లేనివాడు ఈ మూడు వైపుల ఒత్తిడిలో కొట్టుకుపోవాలి, మూడో స్థానంలో తేలాలి. అలా జరగలేదు.

ఒక ఓటమి నుంచి ఒక జీవితం మొత్తాన్ని వెనక్కి చదవడం మనకు అలవాటైంది. చివరి ఓటమిని ముందుకు తెచ్చి, తొమ్మిది ప్రత్యక్ష విజయాలను వెనక్కి నెట్టే ఈ పద్ధతిలో చూస్తే ఎన్టీఆర్ కూడా కల్వకుర్తిలో తేలిపోయిన నాయకుడే అవుతారు!

ఈ కొలబద్ద ఎవరికి లాభం?

ఇన్ని లెక్కలు ఎదురుగా ఉన్నా ఈ తీర్పు ఎందుకు బతుకుతోంది? దానితో పని ఉన్నవాళ్లు ఉన్నారు కనుక. 'ప్రజానాయకుడు' అన్న పేరుకు నేడు పాలమూరు, నల్లగొండల్లో అర్హత ఏమిటో చూడండి. వెనుక కార్ల వరుస ఉండాలి. పెళ్లికీ చావుకీ వెళ్లి కవరు ఇవ్వాలి. కూడళ్లలో ఫ్లెక్సీలు ఉండాలి. కాంట్రాక్టర్లు, రియల్ ఎస్టేట్ మనుషులు చుట్టూ ఉండాలి. 2022 మునుగోడు ఉప ఎన్నికలో డబ్బు పారిన తీరు దేశమంతా మాట్లాడుకుంది. ఓటుకు రేటు ఎంత అని వార్తలు రాసుకున్నాం. ఇంతమంది 'ప్రజానాయకులు' పోటీపడితే వచ్చింది అది. ఈ కొలబద్దకు జైపాల్ రెడ్డి సరిపోరు, నిజమే. సరిపోకపోవడమే ఆయన అర్హత.

కొలబద్ద తప్పయితే తర్వాతి తరం మీద పడే దెబ్బ ఇంకా పెద్దది. చదివే అలవాటు, సభలో నిలబడి ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టే నేర్పు ఉన్న కుర్రవాడు ఈ జిల్లాల్లో రాజకీయాల్లోకి రావాలనుకుంటే మనం చెబుతున్నదేమిటి? నీకు జనబలం ఉండదు, రాజ్యసభ చూసుకో అని. 1998 ఏడాదికి ఉత్తమ పార్లమెంటేరియన్‌గా ఎంపికైన మనిషి అదే ఏడాది మంత్రి పదవిలో ఉంటూ, నశిస్తున్న పార్టీ గుర్తుతో, మహబూబ్‌నగర్ ఎండల్లో ఓట్లు అడిగి గెలిచాడని ఆ కుర్రవాడికి చెప్పాలి. ఆ రెండూ ఒకే మనిషికి సాధ్యమని చెప్పాలి.

'బలం లేదు కాబట్టే పెట్రోలియం శాఖ ఊడింది' అన్న మాటకు కూడా ఇక్కడే జవాబుంది. ఆయన మంత్రిగా ఉండగా 2012లో కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్ ఉత్పత్తి తగ్గినందుకు, ఒక పెద్ద ప్రైవేటు కంపెనీ ఖర్చుల కింద వసూలు చేసుకోదలచిన దాంట్లో సుమారు 100 కోట్ల డాలర్లకు ఆ శాఖ అడ్డుచెప్పింది. అదే ఏడాది అక్టోబరులో ఆయనను శాస్త్ర సాంకేతిక శాఖకు మార్చారు. కారణం అదేనని ప్రతిపక్షాలు అన్నాయి, ప్రభుత్వం కాదంది. ఆయన చప్పుడు చేయకుండా కొత్త శాఖకు వెళ్లడం నాకు నచ్చలేదు. తలుపు కొట్టి చెప్పి బయటికి వచ్చి ఉండాల్సింది. కానీ కంపెనీకి అడ్డుచెప్పిన మంత్రి బలహీనుడు, అడ్డుచెప్పని మంత్రి బలవంతుడు అన్న లెక్క ఏ ప్రజల పక్షాన వేసిన లెక్క?

ఒక నాయకుడికి జనబలం ఉందా లేదా తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు. గాలి ఎదురైనప్పుడు గెలిచాడా? పార్టీ మారినప్పుడు అధికారం వైపు నడిచాడా, దాని నుంచి దూరంగా నడిచాడా? పదవిలో ఉన్నప్పుడు ఎవరికి కాదని చెప్పగలిగాడు? ఈ మూడింటికీ జైపాల్ రెడ్డి రికార్డు సమాధానం చెబుతుంది, ఓటర్ల లెక్కలతో సహా. ఆయన తప్పులను నిలదీయండి: మొదటి ఎనిమిదేళ్ల అధికార పక్ష కాలాన్ని, కాంగ్రెస్‌లోకి తిరిగొచ్చాక పాటించిన మౌనాలను, ఉద్యమ వేళ వినిపించని గొంతును. అవి విమర్శలు, వాటికి ఆధారాలున్నాయి. 'ప్రజానాయకుడు కాదు' అన్నది విమర్శ కాదు, లెక్క చూడని బద్ధకం. నాలుగుసార్లు కల్వకుర్తి, రెండుసార్లు మహబూబ్‌నగర్, రెండుసార్లు మిర్యాలగూడ, ఒకసారి చేవెళ్ల వేసిన ఓట్లను కొట్టిపారేసే అధికారం ఏ విశ్లేషకుడికీ లేదు. ఇక మీదట ఆ మాట అనదలచినవారు ముందు 1978, 1983, 1998, 1999 ఫలితాలకు సంజాయిషీ చెప్పి ఆ తర్వాత అనాలి.